ఆదరణమే విద్యకు పునాది: సురవరం ప్రతాపరెడ్డిగారి జీవితము

ప్రజాప్రభుత్వమనగా ఐదేండ్లకొకమారు జరుగు ఎన్నికలే యని సామాన్యముగా తలంపబడుచున్నది. ఓటు వేయు చేయి ఒక్క దినమున పనిచేసి ఊరకుండును. ఆ చేతి వెనుకనున్న మనస్సు ఒక్క దినమున తయారగునది గాదు. తన యాకలిని, తన భాషను, తన మాటను ఎవరో యొకరు బాల్యమున లక్ష్యపెట్టినప్పుడే మానవుడు తానును లెక్కలోనివాడనని గుర్తించును. తాను లెక్కలోనివాడనని యెరిగినవాడు ఇతరులను లెక్కింప నేర్చును. ఇట్లు లక్ష్యపెట్టుటయే ఆదరణము. అన్నము పెట్టుట, అక్షరము నేర్పుట, చెప్పినది ఓపికతో వినుట, లేడనుకొన్నవానిని వెదకి పేరుపెట్టి పిలుచుట, ఇవన్నియు దాని రూపములే.

ఆదరణమునకును ప్రజాస్వామ్య విద్యకును గల సంబంధమును కేవల శాస్త్రచర్చగా చెప్పిన వినువారికి బరువుగా తోచును. ఆ సంబంధమును తన జీవితముచేతనే చూపిన మహనీయుడొకడు మన పాలమూరు మండలమున జన్మించెను. ఆయనయే సురవరం ప్రతాపరెడ్డిగారు. పత్రికా సంపాదకుడుగా, చరిత్రకారుడుగా ఆయన పేరు ఎరుగనివారరుదు. ఆయన విద్యార్థి వసతిగృహమునకు కార్యదర్శిగా నుండి పిల్లల మంచిచెడ్డలు చూచినవాడని ఎరిగినవారు కొలదిమంది. ఆ పని ఆయన తక్కిన పనులన్నింటికిని తల్లివేరని మా యభిప్రాయము. అందుచేత ఆయన జీవితమును ఆ కోణమునుండి చదువరుల యెదుట నుంచుచున్నాము.

జననము, బాల్యము

కృష్ణా తుంగభద్రలు కలియుటకు ముందు వానినడుమ నున్న సీమయే అలంపురపు సీమ. శ్రీశైల క్షేత్రమునకు పశ్చిమద్వారమని అలంపురమునకు ప్రసిద్ధి గలదు. ఆ ప్రాంతమున బోరవెల్లి గ్రామమందు 1896 మే 28వ తేదీన తన మాతామహుల యింట ప్రతాపరెడ్డిగారు జన్మించిరి. స్వగ్రామము ఇటిక్యాలపాడు. తండ్రి నారాయణరెడ్డిగారు, తల్లి రంగమ్మగారు. తరువాతి కాలమున మహబూబునగరము జిల్లాలో చేరిన ఆ సీమ 2016లో జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత జోగులాంబ గద్వాల జిల్లాలో చేరినది.

పసితనముననే తండ్రి గతింపగా పినతండ్రి రామకృష్ణారెడ్డిగారు బాలుని చేరదీసి పెంచిరి. కర్నూలులో చదువు సాగెను. అచ్చటనే వెల్లాల శంకరశాస్త్రిగారి యొద్ద సంస్కృత సాహిత్యము నేర్చుకొనిరి. తరువాత హైదరాబాదులోని నిజాము కళాశాలలోను, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను చదివి బి.ఏ. పట్టము పొందిరి, న్యాయశాస్త్రమును కూడ ముగించిరి. తెలుగు, సంస్కృతము, ఉర్దూ, పారసీకము, ఆంగ్లము ఆయనకు అలవడినవి.

తండ్రిలేని బిడ్డను ఒక పినతండ్రి చేరదీయుట మన పల్లెలలో అబ్బురమైన విషయము కాదు. అయినను చేరదీయువారు లేక చదువు మానిన బాలురెందరో ఆ కాలమున ఉండిరి. ఇంటనుండి దూరమేగి పరాయి పట్టణమున తిని, ఉండి, చదువుకొనుటలోని కష్టము ప్రతాపరెడ్డిగారికి వినికిడిచేత గాక స్వానుభవముచేత తెలియును. ఆయన తరువాతి జీవితమును గ్రహించుటకు ఈ యొక్క విషయము చాల ముఖ్యము.

చదువునకు అడ్డుపడినదేది?

నిజాము సంస్థానమున ఆనాటి విద్యాస్థితిని కొంచెము జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ప్రభుత్వ భాష ఉర్దూ. 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాషయు ఉర్దూయే. ఒక దేశభాషలో ఉన్నతవిద్య గరపుట గొప్ప ప్రయోగమే యైనను, నల్లగొండ, మహబూబునగరము జిల్లాల రైతుబిడ్డకు ఆ భాష ఇంటిభాష కాదు. ఉన్నత పాఠశాలలు మిక్కిలి యరుదు. ప్రజలు తమంతట తాము పాఠశాల పెట్టుకొనవలెనన్నను ప్రభుత్వపు అనుమతి కావలెను. సభ జరుపవలెనన్నను గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు అడ్డుగా నిలిచెను. 1951 జనగణన నాటికిని హైదరాబాదు రాష్ట్రమున అక్షరాస్యులు నూటికి పదిమంది యైనను లేరు.

ఇట్టి స్థితిలో చదువుకొనగోరిన పల్లె బాలునికి మొదటి యడ్డంకి పుస్తకము గాదు. నగరములో తలదాచుకొను చోటు, రెండుపూటల అన్నము. బంధువు లేనివానికి బడి యున్నను లేనట్లే. ఈ సంగతి గ్రహించినవారిలో రాజాబహదూరు వెంకటరామారెడ్డిగారు ముఖ్యులు. ఆయనయు వనపర్తి సంస్థానములోని రాయణిపేటలో 1869లో పుట్టిన పాలమూరు బిడ్డయే. 1920లో హైదరాబాదు నగర కొత్వాలు పదవి నధిష్ఠించిరి. ఆయన పూనికతో, ధనికుల విరాళములతో 1918లో హైదరాబాదున రెడ్డి విద్యార్థి వసతిగృహము వెలసెను. ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆరంభమైన సంవత్సరమే ఆ వసతిగృహమును ఆరంభమగుట గమనింపదగినది. ఒకటి విద్యకు తలుపు తెరచెను. రెండవది ఆ తలుపువరకు పల్లె బాలుడు నడచి రాగలుగునట్లు చేసెను.

వసతిగృహ కార్యదర్శి

న్యాయవాదిగా సుఖజీవనము గడపుటకు తగిన చదువు ప్రతాపరెడ్డిగారికి కలదు. అయినను 1924 ప్రాంతమున రాజాబహదూరుగారి కోరికపై వసతిగృహపు కార్యదర్శిత్వమును స్వీకరించి పెక్కేండ్లు దానిని నిర్వహించిరి. వకీలు వృత్తికి వచ్చు పేరుగాని ధనముగాని ఈ పనికి రాదు. వంటశాల లెక్కలు చూచుట, జబ్బుపడినవానికి వైద్యుని పిలిపించుట, ఇంటిపై బెంగపెట్టుకొన్నవానిని ఊరడించుట, కయ్యములు తీర్చుట, నిద్రమానినవానిని మందలించుట, ఏ వసతిగృహమందైనను నిర్వాహకుని దినచర్య ఇదియే. ఇవి చరిత్ర గ్రంథముల కెక్కవు. కాని పదునాలుగేండ్ల బాలుడు పరాయి నగరమున తాను ఒంటరివాడను కానని తెలిసికొనుట ఇట్టి పనులవలననే జరుగును.

ప్రతాపరెడ్డిగారు అన్నముతో ఆగలేదు. వసతిగృహమున గ్రంథాలయమును పెంపొందించిరి; విద్యార్థులను చదువుటకును వ్రాయుటకును ప్రోత్సహించిరి. అచ్చటి బాలురు ఉర్దూ పాఠములు చదివి వచ్చి సాయంకాలము తెలుగు పుస్తకము చేతబట్టగలిగిరి. బడి యియ్యని దానిని వసతిగృహము ఇచ్చెను. తన భాష తక్కువది కాదని తెలిసికొన్న బాలుడు పెద్దవాడై సభలో నిలిచి మాటాడగలడు. 1921 నవంబరున హైదరాబాదులోని వివేకవర్ధినీ పాఠశాలలో జరిగిన సంస్కార సభలో తెలుగున మాటాడబోయిన ఆలంపల్లి వేంకటరామారావుగారిని కొందరు గేలిచేయగా, ఆ యవమానము నుండియే ఆంధ్ర జనసంఘము పుట్టెను. అట్టి దినములలో ఒక వసతిగృహపు గ్రంథాలయమున తెలుగు పుస్తకములుండుట చిన్న విషయము కాదు.

ఇచట ఒక కఠినమైన ప్రశ్న యుదయించుచున్నది. ఆ వసతిగృహము ఒక కులము పేరిట వెలసినది. తనవారిని ఆదరించుట ఎల్లరును చేయుదురు. దానిని ప్రజాస్వామ్య విద్య యనవచ్చునా? అదే నగరమున మాదరి భాగ్యరెడ్డివర్మగారు 1910 నాటినుండి ఈసామియా బజారు మొదలుగా ఆది హిందువుల బిడ్డలకు పాఠశాలలు నెలకొల్పుచు, విరాళములకై ఇల్లిల్లు తిరుగవలసి వచ్చెను. కొత్వాలు పిలిచిన ధనికులు వచ్చిరి. భాగ్యరెడ్డివర్మగారు పిలిచినప్పుడు అందరును రాలేదు. ఆదరణము కులపు గడపదగ్గర ఆగిపోయిన, లోపలివారికి బలము చేకూరును. వెలుపలివారికి తాము వెలుపలివారమే యను బాధ రెట్టింపగును. ప్రతాపరెడ్డిగారి జీవితము ఈ ప్రశ్నకు మాటలతో సమాధానము చెప్పలేదు. ఆయన చేపట్టిన ఒక్కొక్క పనియు వెనుకటి పనికంటె విశాలమగుచు వచ్చుటయే ఆ సమాధానము.

గోలకొండ పత్రిక

1922లో రెండు తెలుగు పత్రికలు తెలంగాణపు పల్లెపట్టులనుండి వెలువడెను. షబ్నవీసు వేంకటరామ నరసింహారావుగారు నల్లగొండనుండి నీలగిరి పత్రికను, ఒద్దిరాజు సోదరులు ఇనుగుర్తినుండి తెనుగు పత్రికను నడపిరి. ఆ మార్గముననే 1926 మే 10వ తేదీన హైదరాబాదునుండి గోలకొండ పత్రిక ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున వెలువడెను. వారమునకు రెండుమారులు వచ్చుచుండిన ఆ పత్రిక 1947లో దినపత్రిక యయ్యెను.

వసతిగృహమున నూరుమంది బాలురకు చేసినదానిని పత్రికద్వారా వేలమందికి చేయవచ్చునని ఆయన కనుగొనిరి. సంపాదకీయము వ్రాయుటమొదలు అచ్చుతప్పులు దిద్దువరకు పని యంతయు తామే మోయవలసిన దినములు పెక్కు గడచినవి. గ్రామములనుండి వచ్చిన లేఖలు, వెట్టిచాకిరి గాథలు, అధికారుల జులుములు, బడులులేని ఊళ్ల మొరలు ఆ పుటలలో చోటుచేసికొనెను. దూరపు పల్లెలోని యొకడు తన కష్టమును వ్రాసి పంపగా అది అచ్చులో తిరిగి తన యూరికే వచ్చినప్పుడు, వాడు మొదటిమారు పౌరుడగును. తన మాట వినువాడొకడు గలడని వానికి తెలియును. ప్రభుత్వపు దృష్టి పత్రికపై నుండుటచేత ప్రతి వాక్యమును తూచి వ్రాయవలసి వచ్చెను. ఆ సంయమములోను నిర్భీకత తగ్గలేదు.

జోగిపేట మొదలు దేవరకొండ వరకు

1930 మార్చి నెలలో మెదకు జిల్లా జోగిపేటలో ప్రథమ నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ జరిగెను. ప్రతాపరెడ్డిగారు దాని కధ్యక్షులు. దానితోపాటు అచ్చటనే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన ఆంధ్ర మహిళాసభయు జరిగెను. ఎన్నికలు లేని రాజ్యమున, సభకే అనుమతి దొరకని కాలమున, ఈ సభలు ప్రజలకు పాఠశాలలయ్యెను. ఒకరు మాటాడుచుండగా ఇతరులు వినుట, ఒక తీర్మానమును ప్రతిపాదించుట, దానిని వ్యతిరేకించుట, సమ్మతి తెలిపి చేయెత్తుట, ఇవన్నియు అభ్యాసముచేత వచ్చునవే. మరుసటి యేడు నల్లగొండ జిల్లా దేవరకొండలో ద్వితీయ మహాసభ బూర్గుల రామకృష్ణారావుగారి అధ్యక్షతన జరిగెను. 1936లో మహబూబునగరము జిల్లా షాదునగరమున, 1941లో నల్లగొండ జిల్లా చిలుకూరున, 1944లో భువనగిరిలో మహాసభలు జరిగెను. మన యీ రెండు జిల్లాల మెట్టభూములలోని ప్రజలు రాజకీయ విద్యను పొందినది ఈ పందిళ్ల క్రిందనే.

కాలక్రమమున మహాసభలో మితవాదులు, అతివాదులు అని భేదములు పొడచూపెను. నల్లగొండ జిల్లా బొల్లేపల్లికి చెందిన రావి నారాయణరెడ్డిగారు రెడ్డి వసతిగృహ విద్యార్థి. హరిజన సేవాసంఘమున పనిచేసినవారు. చిలుకూరు, భువనగిరి మహాసభలకు ఆయనయే అధ్యక్షులు. ధనికుల విరాళములతో నడచిన వసతిగృహమున చదివిన యువకుడు దేశ్‌ముఖుల జాగీర్దారుల పెత్తనమును ఎదిరించిన ఉద్యమమునకు నాయకుడయ్యెను. ఇందులో వింత లేదు. నిజమైన ఆదరణము పొందినవాడు దాతకు దాసుడు కాడు. దాత పంథాను గూడ ప్రశ్నింపగల ధైర్యవంతుడగును. అన్నముపెట్టి అణకువనే కోరు ఆదరణము పోషణ యనిపించుకొనునుగాని విద్య యనిపించుకొనదు.

మూడువందల యేబదినలుగురు

ప్రతాపరెడ్డిగారి పనులలో మిక్కిలి ప్రసిద్ధమైనది గోలకొండ కవుల సంచిక. తెలంగాణమున కవులు లేరని ముడుంబై వేంకటరాఘవాచార్యులవారు ఒక వ్యాసమున వ్రాసిరి. ఆ మాట తెలుగువారిలో పెద్ద కలకలము పుట్టించెను. కోపముతో ప్రతివ్యాసము వ్రాసి ఊరకుండుట సులభము. ప్రతాపరెడ్డిగారు అట్లు చేయక, ఊరూరికి లేఖలు వ్రాసి, గ్రామములలోను సంస్థానములలోను దాగియున్న కవులను వెదకి, వారి పద్యములను, పరిచయములను తెప్పించి, 1934లో ఒక సంపుటమును ప్రకటించిరి. అందు 354 మంది కవులు చోటు పొందిరి.

ఈ సంఖ్యను వాదములో గెలుపుగా మాత్రమే చూచుట చాలదు. ఆ కవులలో పెక్కుమంది తమ పద్యమును తాటాకులోనో, చేతిపుస్తకములోనో వ్రాసికొని, తమ యూరి పొలిమేర దాటించని వారు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానములలో పండితాదరణ ముండెడిది. ఆ వెలుగు పడని పల్లెలలో వ్రాసినవానికి వ్రాయుమని చెప్పువాడును లేడు. అట్టివానికి హైదరాబాదునుండి ఒక ఉత్తరము వచ్చి, మీ పద్యములు పంపుడని యడిగినప్పుడు వాని మనస్సు ఎట్లుండెనో ఊహించుకొనుడు. లేరన్నదానికి లేకపోవుట కారణము కాదు, చూడకపోవుటయే కారణము. చూచుటకు పూనుకొన్న ఒక్క మనుష్యుడు నాడు 354 మందిని లెక్కలోనికి తెచ్చెను.

గ్రంథాలయములయందును ఆయనకు ఇట్టి పట్టుదలయే. గ్రంథాలయోద్యమమును గూర్చి పుస్తకము వ్రాసిరి. గ్రంథాలయ మహాసభల కధ్యక్షత వహించిరి. 1943 మే నెలలో ఆంధ్ర సారస్వత పరిషత్తు పుట్టినది హైదరాబాదు రెడ్డి వసతిగృహమందే. ఒక కులపు బాలుర కొరకు వెలసిన భవనము ఇరువదియైదేండ్లకు తెలుగువారందరి భాషకు నెలవైన సంస్థకు పుట్టినిల్లయ్యెను.

సామాన్యుని చరిత్ర

1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర ప్రతాపరెడ్డిగారి పరిణత ఫలము. రాజుల యుద్ధములు, రాణుల పెండ్లిండ్లు చరిత్ర యనిపించుకొను కాలమున, ప్రజలేమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, ఏ వృత్తులు చేసిరి, ఏ పండుగలు జరిపిరి అను ప్రశ్నలతో ఆయన చరిత్ర వ్రాసిరి. శాసనములలో దొరకని సామాన్యుని కావ్యములలో వెదకిరి. క్రీడాభిరామము, సింహాసన ద్వాత్రింశిక, శుకసప్తతి, హంసవింశతి వంటి గ్రంథములనుండి జనజీవనపు ఆనవాళ్లను ఒక్కొక్కటిగా ఏరిరి.

కాకతీయుల కాలమునకు వచ్చునప్పటికి ఆయనకు పెన్నిధి వలె దొరకినవి పాల్కురికి సోమనాథుని బసవపురాణము, పండితారాధ్య చరిత్రము. మన చదువరులకు ఇది సంతోషదాయకమైన విషయము. సోమనాథుడు దేశిచ్ఛందమగు ద్విపదమును స్వీకరించి, చాకలి, కుమ్మరి, మేదరి, పడవవాడు మొదలగు భక్తుల కథలను కావ్యమున నిలిపెను. పండితారాధ్య చరిత్రములోని పర్వత ప్రకరణమున శ్రీశైల యాత్రకు వచ్చిన జనుల ఆటపాటలు, తుమ్మెద పదములు, వెన్నెల పదములు పేర్కొనబడెను. భక్తికొరకు వ్రాయబడిన ఆ గ్రంథములు, సామాన్యుని పేరును విడువక చెప్పుటచేతనే, ఏడువందల యేండ్ల తరువాత ఒక చరిత్రకారునికి ప్రజల ఇండ్ల తలుపులు తెరచెను.

పన్నెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమున బసవేశ్వరుని మహామనెలో దాసోహము, అనుభవమంటపములో చర్చ ఏకకాలమున జరుగుచుండెను. మడివాళ మాచయ్యయు, అంబిగర చౌడయ్యయు, అక్కమహాదేవియు ఆ గోష్ఠిలో మాటాడినవారే. ఆకలిగొన్నవానితో తత్త్వచర్చ సాగదనియు, అన్నముపెట్టి మాటాడనీయకపోవుట మర్యాద కాదనియు ఆ రెండింటి కలయిక బోధించుచున్నది. ప్రతాపరెడ్డిగారు వీరశైవులు కారు. అయినను వసతిగృహపు వంటశాలను, గ్రంథాలయమును ఒకే కప్పు క్రింద నిలిపిన ఆయన పద్ధతి మనకు పరాయిదిగా తోచదు.

కడపటి దినములు

1951లో ప్రజావాణి యను పత్రికను నడపిరి. 1952లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. 1930లో సభాధ్యక్షుడుగా ఎవరి కొరకు మాటాడిరో ఆ ప్రజలే ఇరువదిరెండేండ్ల తరువాత ఓటువేసి ఆయనను సభకు పంపిరి. అదే ఎన్నికలలో నల్లగొండ రావి నారాయణరెడ్డిగారిని లోకసభకు గొప్ప ఆధిక్యముతో ఎన్నుకొనెను. ఒకరి మార్గము వేరు, ఇంకొకరి మార్గము వేరు; ఇరువురిని సభలకు పంపిన ఓటర్లు మాత్రము ఆ పందిళ్ల క్రింద, ఆ పత్రికలయందు విద్య నేర్చినవారు.

శాసనసభ్యుడుగా ఎక్కువ కాలము పనిచేయు భాగ్యము ప్రతాపరెడ్డిగారికి కలుగలేదు. 1953 ఆగస్టు 25వ తేదీన ఏబదియేడేండ్ల వయస్సున పరమపదించిరి. వసతిగృహమును స్థాపించి, ఆయనను దానికి పిలిచిన వెంకటరామారెడ్డిగారును అదే సంవత్సరము జనవరిలో గతించిరి. ఆయన జీవితచరిత్రమును ప్రతాపరెడ్డిగారే 1939లో వ్రాసియుండిరి. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకు తన తొలి పురస్కారమును ఆంధ్రుల సాంఘిక చరిత్రకు ప్రకటించెను. అందుకొనుటకు గ్రంథకర్త లేడు.

ఆదరణమును గూర్చి తత్త్వజ్ఞులు

ప్రతాపరెడ్డిగారు ఆచరణలో చూపినదానిని పాశ్చాత్య విద్వాంసులు సిద్ధాంతముగా చెప్పియున్నారు. అమెరికా దేశపు తత్త్వవేత్త జాన్ డ్యూయీ 1916లో ప్రకటించిన విద్యాగ్రంథమున, ప్రజాస్వామ్యము పరిపాలనా పద్ధతి మాత్రమే గాక జనులు కలసి జీవించు విధానమని ప్రతిపాదించెను. నెల్ నాడింగ్స్ అను విదుషీమణి 1984లో ఆదరణమునే నీతికి, విద్యకు మూలముగా నిలిపి గ్రంథము వ్రాసెను. చేయువాని సదుద్దేశముతోనే ఆదరణము పూర్తి కాదనియు, పొందువాడు దానిని ఆదరణముగా గ్రహించినప్పుడే పూర్తియగుననియు ఆమె మతము. జోన్ ట్రాంటో అను రాజకీయ శాస్త్రజ్ఞురాలు 1993లోను, 2013లోను వెలువరించిన గ్రంథములలో దీనికి క్రమమును చూపెను. ఇతరుని అవసరమును గమనించుట, అది నా బాధ్యత యనుకొనుట, చేతులార చేయుట, చేసినది సరిపోయెనా యని పొందినవాని యొద్దనే తెలిసికొనుట, చివరకు అందరును అందరి భారమును పంచుకొనుట.

ఈ మెట్లను ప్రతాపరెడ్డిగారి జీవితముతో పోల్చి చూడుడు. పల్లె బాలుని అవసరము గమనించుట, వకీలు వృత్తికంటె దానిని మిన్నగా నెంచుట, వసతిగృహమును నడుపుట, పత్రికలో ప్రజల మాటను వినుట, మహాసభలో అందరితో కలసి నడచుట, ఇవి అవే మెట్లు. ట్రాంటో గ్రంథము వెలువడుటకు ఎన్నో యేండ్లు ముందుగనే పాలమూరు బిడ్డయొకడు వాని నెక్కియుండెను.

మన కర్తవ్యము

ఈ జీవితచరిత్రమును చదివి సంతోషించుటతో సరిపెట్టుకొన్న మనకు లాభము లేదు. మన మఠములలో దాసోహములు జరుగుచున్నవి. విద్యార్థులను చేరదీసి చదివించిన పీఠములు అనేకములున్నవి. మన యిండ్లలోను దూరపు బంధువుల బిడ్డను ఉంచుకొని చదివించు వాడుక కలదు. ఇవి గర్వింపదగినవే. అయినను ప్రతాపరెడ్డిగారి జీవితము లేవనెత్తిన ప్రశ్న మన గడపలోను నిలిచియున్నది. మన వసతిగృహమున అన్నముతిన్న బాలుడు మనకు నమస్కరించుట మాత్రమే నేర్చెనా, ప్రశ్నించుటయు నేర్చెనా? మన పంక్తిలో కూర్చుండుటకు వెలుపలి బిడ్డకు పిలుపు కలదా?

2011 జనగణన ప్రకారము నాటి మహబూబునగరము జిల్లాలో అక్షరాస్యులు నూటికి సుమారు 55 మంది. నల్లగొండలో సుమారు 64 మంది. పాలమూరు కూలీలు పనులకై దూరదేశములకు వలసపోవుట తరతరములుగా వచ్చుచున్న బాధ. తల్లిదండ్రులు వలసపోయినప్పుడు బిడ్డ వెంటపోయిన బడి పోవును. ఊర నుండిన కూడుపెట్టువారుండరు. 1918లో నగరమునకు వచ్చిన పల్లె బాలుని అవసరమెట్టిదో, వలస కూలీ బిడ్డ అవసరమును అట్టిదే: ఉండుటకు చోటు, తినుటకు అన్నము, పేరుపెట్టి పిలుచువారు. ప్రభుత్వ గురుకులములు, వసతిగృహములు నేడు పెక్కు నడచుచున్నవి. వానిలో చోటు దొరకని బిడ్డ, దొరకినను దిగులుపడి పారిపోయి వచ్చిన బిడ్డ, మన యూరిలో నున్నదా యని కనుగొనుటకు ప్రభుత్వపు ఉత్తరువు అక్కరలేదు.

ఒక్కొక్క మఠమును, ఒక్కొక్క కుటుంబమును ఒక చిన్న పట్టికను వ్రాసికొనిన చాలును. మన యూరిలో బడికి పోని పిల్లలెవరు, ఏ కులమువారు, వారి పేర్లేమి, పోకపోవుటకు కారణమేమి? లేరని యనుకొన్న కవులు వెదకినప్పుడు 354 మంది దొరకిరి. లేరని యనుకొన్న విద్యార్థులును మన వెదకుటకై నిరీక్షించుచున్నారు. వెదకి, పిలిచి, అన్నముపెట్టి, చదివించి, వారు మాటాడునప్పుడు వినుదముగాక. సురవరం ప్రతాపరెడ్డిగారికి మనము చేయదగిన స్మరణ ఇంతకంటె వేరొకటి లేదు.